ఆలస్యంగా పడిన అడుగు

2023 జూన్ చివరి వారం. అప్పటికి తిరుపతిలో టీవీ మెకానిక్‌గా నాకు ఇరవై ఆరేళ్లు నిండాయి. బైరాగిపట్టెడలో ఒక్క గది షాపు నాది, బోర్డు మీద 'గుణశేఖర్' అని నా పేరే. పిక్చర్ ట్యూబు రోజుల్లో టీవీ వెనక మూత విప్పితే చాలు, చేతికి పని దొరికేది. ప్యానెల్ టీవీలు వచ్చాక సగం పని స్క్రూడ్రైవరుతో కాదు, రిమోటుతోనే. తప్పు టీవీలో ఉందా, బాక్సులో ఉందా, ఇంటర్నెట్‌లో ఉందా అని వెతికి పట్టుకోవడమే వృత్తి అయిపోయింది. ఆ వెతుకులాటలో నేనొకసారి పెద్ద తప్పు చేశాను. అందులో తెలియక చేసింది సగం, తెలిసి చేసింది సగం. తెలిసి చేసిన సగానికి కారణం రెడ్డెప్ప.

రెడ్డెప్పా నేనూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. నాకంటే రెండేళ్లు వెనక చేరాడు. నేను మీటరు పెట్టి అరగంట కొలిచి చెప్పే సంగతిని అతను టీవీ ఆన్ చేయగానే వచ్చే సన్నటి కూత విని చెప్పేసేవాడు. కష్టమైన సెట్టు ఏది వచ్చినా మా గురువు "రెడ్డెప్పా, ఇట్రా" అనేవాడు. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ని. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేని విషయం అది. అందుకే లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు రెడ్డెప్పకు అన్నమయ్య సర్కిల్ దగ్గర అద్దాల తలుపుల షాపు ఉంది. బోర్డు మీద 'టీవీ కాలిబ్రేషన్' అని రాయించాడు. అంటే తెర మీద రంగులు, వెలుగు, కదలిక ఎలా ఉండాలో అలా ఉండేట్టు కొలిచి సరిచేయడం. వాటి గురించి వీడియోలు తీసి పెడతాడు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి అతనికి ఫోన్లు వస్తాయి. ఆ బోర్డు కంటపడకుండా నేను స్కూటర్ చుట్టుదారిలో తిప్పేవాణ్ని. వీడియోలు మాత్రం ఒక్కటీ వదలకుండా చివరిదాకా చూసేవాణ్ని, ఎక్కడైనా తప్పు చెబుతాడేమోనని. మూడేళ్లలో రెండు తప్పులు దొరికాయి. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించింది. "ఆయప్ప పేరు ఎత్తితే సాలు, నీ మొగం మాడిపోతాది" అనేది మా ఆవిడ లత.

ఆ జూన్‌లో చిత్తూరు నుంచి కోమలవల్లి టీచర్ ఫోన్ చేశారు. కొంగారెడ్డిపల్లెలో భరతనాట్యం నేర్పే ఆవిడ. డెబ్బై దాటాయి. తుంటి ఎముక విరిగినప్పటినుంచి నిలబడి నేర్పలేరు. కుర్చీలో కూర్చుని, ముందున్న చెక్క మీద కర్రతో తాళం వేస్తూ చెబుతారు. ఊళ్లో శిష్యులు ఇంటికే వస్తారు. భువన అనే శిష్యురాలు మాత్రం రాలేదు. ఏడేళ్ల వయసు నుంచి ఆవిడ దగ్గరే నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు ఇరవై ఏడేళ్లు. సూళ్లూరుపేట పక్కన ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తోంది. వారానికొకసారి తన సాధనను ఫోన్లో వీడియో తీసి పంపుతుంది. ఫోన్లో పాదాలు కనబడవని టీచర్ పెద్ద టీవీ కొనుక్కుని అందులో చూసి, తప్పొప్పులు ఫోన్లో చెబుతారు. వినాయక చవితికి కాణిపాకం ఉత్సవాల వేదిక మీద టీచర్ శిష్యుల ప్రదర్శన ఉంది. అందులో ఒంటరిగా చేసే వర్ణం భువనది. వర్ణమంటే ముప్పావు గంట కాలు నిలవకుండా ఆడే నాట్యం. దాని కోసం ఆ అమ్మాయి ఏడాదిగా సాధన చేస్తోంది.

"టీవీకి నత్తి వచ్చిందప్పా" అన్నారు టీచర్, నేను వెళ్లగానే. "కాలు ఎత్తేది కనబడతాది, దించేది కనబడతాది, నడాన గెంతు గెంతుతా ఉండాది. నువ్వే సూడు."

చూశాను. భువన చెయ్యి పక్కకు చాచితే అది సాఫీగా సాగడం లేదు, చిన్న చిన్న గెంతులుగా పోతోంది. మా పనిలో దీన్ని జడ్డర్ అంటాం. ఇంటర్నెట్ సరిగా లేకపోతే బొమ్మ పూర్తిగా ఆగిపోతుంది. జడ్డర్‌లో ఆగదు, ఒకే వేగంతో నడవదు, అంతే. అయినా ముందు ఇంటర్నెట్ మీదే తోశాను. వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఫోన్ వీడియోలు చూడటానికి టీవీకి తగిలించి ఉన్న ఆండ్రాయిడ్ బాక్సులో పెట్టాను. అదే గెంతు. కేబుల్లో సీరియల్ పెట్టాను. చక్కగా వచ్చింది. అంటే ప్యానెల్ బాగుంది. తేడా బాక్సు దగ్గరే ఉంది. అదేమిటో నాకు అందలేదు. రెండు గంటలు సెట్టింగులు తిప్పాను.

నేను తలగోక్కోవడం చూసి టీచర్ అన్నారు: "తిరుపతిలో రెడ్డెప్ప అని ఒకాయన ఉండాడంట గదా. మా చెల్లెలి కొడుకు ఆయప్ప వీడియోలు సూస్తాడు. ఒక మాట ఫోన్ చేసి అడగరాదా?"

"ఆయన తిరుపతిలో లేడమ్మా" అన్నాను. "చెన్నైకి మారిపోయినాడు."

అంతకుముందు రోజే అతన్ని టీ కొట్టు దగ్గర చూశాను. అబద్ధం అంత సులభంగా వస్తుందని నేను అనుకోలేదు.

చెప్పాక ఎలాగైనా బాగుచేసి తీరాలి. టీవీ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ పూర్తిగా పెంచాను. వీడియో అంటే వరసగా పోయే ఫొటోలే. ఒక్కో ఫొటోను ఫ్రేమ్ అంటాం. ఈ సెట్టింగు పెడితే టీవీ ప్రతి రెండు ఫ్రేముల మధ్యా లేని ఫ్రేములను తనే ఊహించి గీసి కలుపుతుంది. కదలిక నూనె రాసినట్టు జారుతుంది. కొంచెం అసహజంగా ఉంటుంది, మడమల అంచులు కాస్త అలుక్కుపోతాయి. కానీ గెంతు పోయింది. టీచర్ ముఖం వెలిగిపోయింది. కాఫీ ఇచ్చి, "నీ చెయ్యి సల్లగుండ" అన్నారు.

ఆ గదిలో ఇంకో వస్తువు కూడా ఉంది. టీవీ శబ్దంలో మృదంగం దెబ్బ సరిగా వినబడదని ఎవరో పాత శిష్యుడు రెండు స్పీకర్లు తెచ్చి, బాక్సుకే నేరుగా తీగ కలిపి వెళ్లాడు. ఆ తీగ నేను చూశాను. చూసి పక్కకు జరిపాను కూడా.

నాలుగు రోజులకు టీ కొట్టు దగ్గర రెడ్డెప్ప కనిపించాడు. సాధారణంగా తప్పించుకుపోయేవాణ్ని. ఆ రోజు నేనే వెళ్లి పలకరించాను. చిత్తూరు కేసు చెప్పాను, జడ్డర్‌ను ఎలా పోగొట్టానో చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. అతనిలో నాకు నచ్చనిది అదే. ఎవరేం చెప్పినా శ్రద్ధగా వింటాడు.

"మంచి పని చేసినావన్నా" అన్నాడు. "సౌండు టీవీలోంచే వస్తా ఉండాదా, బయట స్పీకరా?"

"బయటదే. బాక్సు నుంచి."

"అట్లయితే ఒకసారి సూసుకో అన్నా. స్మూతింగ్ పెడితే బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తాది గదా. టీవీ స్పీకరయితే టీవీనే సౌండును కూడా ఆపి పంపిస్తాది. బాక్సు నుంచి పోయే సౌండు ఆగదు. డ్యాన్సు సూసే ఇల్లు అంటివే..."

అతను వాక్యం పూర్తి చేసేలోపే నాకు అర్థమైంది. ఫ్రేములు గీయడానికి టీవీకి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలో శబ్దం ముందు వెళ్లిపోతుంది. సినిమా చూసేవాళ్లకు పెద్దగా తెలియదు. తాళానికి పాదం పడిందా లేదా అని చూసే మనిషికి అదే సర్వస్వం.

"అన్నీ సూసే వచ్చినానప్పా" అన్నాను. "నువ్వు నాకు నేర్పించాల్సిన పన్లేదు."

"సరేలే అన్నా, ఊరికే అడిగినా" అన్నాడు రెడ్డెప్ప.

టీ సగంలో వదిలేసి వచ్చాను. చిత్తూరుకు ఫోన్ చేయలేదు. చేస్తే అతను చెప్పిందే నిజమవుతుంది. టీచర్ సంతోషంగానే ఉన్నారు కదా, ఏదైనా తేడా ఉంటే ఆవిడే చేస్తారు అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రతి ఆదివారం, ఇది ఆవిడ భువన వీడియో చూసే రోజని గుర్తొచ్చేది. వేరే పనిలో పడిపోయేవాణ్ని.

ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం పూట ఒక ఫోన్ వచ్చింది. "కోమలవల్లి మేడం టీవీ రిపేరు చేసింది మీరేనా అన్నా? నేను భువన, సూళ్లూరుపేట నుంచి."

వెనక యంత్రాల మోత వినబడుతోంది. భోజనం వేళ బయటికొచ్చి మాట్లాడుతున్నట్టుంది.

"మీరు టీవీ బాగుచేసినప్పటినుంచి మేడం నా కాలు ఆలస్యంగా పడతా ఉండాదంటా ఉండారన్నా. ప్రతి వారం అదే మాట. ముందు టీవీ గెంతతా ఉంటే టీవీదే తప్పు అనుకునేవాళ్లంట. ఇప్పుడు టీవీ బాగైపోయింది గదా, ఇంక నీదే తప్పు అంటారు. నా ఫోన్లో సూస్తే సరిగ్గానే ఉండాది. టీవీలో ఏమన్నా తేడా ఉంటాదా అన్నా?"

జవాబు నాకు తెలుసు. నెల రోజులుగా తెలుసు.

"టీవీ బాగానే ఉండాదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి మెల్లగా అంది: "వర్ణం వేరే అమ్మాయికి ఇచ్చేసినారన్నా. ఇరవై ఏళ్లలో నన్ను ఎన్నోసార్లు తిట్టినారు గానీ తాళం రాలేదని ఎప్పుడూ అన్లేదు. నా కాళ్ల మీద నాకే నమ్మకం పోయింది. ఫ్యాక్టరీలో నడస్తా ఉన్నా అడుగులు లెక్కేసుకుంటా ఉండాను." సైరన్ లాంటిదేదో మోగింది. "సరేన్నా, ఉంటాను" అని పెట్టేసింది.

షాపు షట్టరు సగం దించి, టీచర్ ఇంట్లో ఉన్నట్టే ఒక బాక్సు, ఒక టీవీ, బాక్సు నుంచి విడిగా స్పీకరు కలిపాను. ఫోన్లో నా చప్పట్లు నేనే వీడియో తీసుకుని అందులో పెట్టాను. స్మూతింగ్ ఆన్ చేస్తే చేతులు కలవకముందే చప్పుడు వినబడుతోంది. ఆఫ్ చేస్తే చప్పుడూ చేతులూ ఒకేసారి కలిశాయి, కానీ అలా తీసేస్తే టీచర్ ఇంట్లో గెంతు మళ్లీ వస్తుంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతోంది. రెండూ ఒకేసారి పోయే దారి నాకు తెలియదు. ఎవరికి తెలుసో తెలుసు.

ఇంటికెళ్లి లతకు జరిగింది చెప్పాను. ఏమీ దాచలేదు. ఆమె బియ్యం ఏరుతూ విని, తలెత్తకుండానే అంది: "ఆ పిల్ల కాళ్లు ఇరగ్గొట్టినట్టే గదయ్యా నువ్వు."

మరుసటి పొద్దున రెడ్డెప్ప షాపు మెట్లెక్కాను. లోపల చల్లగా ఉంది. గోడనిండా తెరలు. రంగులు కొలిచే యంత్రం ఒకటి స్టాండు మీద కూర్చుని ఉంది. నేను ఎప్పుడూ ఫొటోల్లో తప్ప చూడనిది. అంత పని మీద వచ్చి కూడా ఒక్క క్షణం దాన్నే చూస్తూ నిలబడ్డానంటే నా సంగతి అర్థం చేసుకోండి. ఆ షాపు నాదై ఉండాల్సింది అని మనసులో ఒక మూల ఎవరో అంటూనే ఉన్నారు.

చెప్పాను. చెన్నై అబద్ధం సంగతి మాత్రం చెప్పలేకపోయాను. అతను "నేను ఆ పొద్దే చెప్పినా గదా" అంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. అనలేదు. సంచిలో రెండు తీగలు వేసుకుని, "పద అన్నా, పది గంటల బస్సు దొరుకుతాది" అన్నాడు.

టీచర్ తలుపు దగ్గరే కుర్చీలో ఉన్నారు. నేను అతని పేరు చెప్పగానే కళ్లు చిట్లించి చూశారు. "రెడ్డెప్పా? చెన్నైకి పోయినారని చెప్పినారే?"

రెడ్డెప్ప నావైపు చూశాడు. ఒక్క చూపులో అంతా తెలిసిపోయింది అతనికి. "అవునమ్మా" అన్నాడు టీచర్‌తో. "నిన్ననే వచ్చినాను."

నన్ను కాపాడటానికి అతను అబద్ధమాడాడు. ఇన్నేళ్లలో అతని మీద నాకు కలిగిన అసూయ అంతా ఒకవైపు, ఆ క్షణం కలిగింది ఒకవైపు. పనిలోనే కాదు, మనిషిగా కూడా నాకంటే పైన ఉన్నాడు.

అతను టీవీ వైపు వెళ్లనే లేదు. ముందు టీచర్ ఫోన్ నుంచి భువనకు ఫోన్ చేయించాడు. "వీడియో తీసేటప్పుడు ఫోన్లో ఏమన్నా మార్చినావా తల్లీ?"

"ట్యూబ్‌లైట్ కింద తీస్తే నల్లగా గీతలు పడతా ఉండేటివన్నా" అంది భువన. "సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు అని పెడితే పోతాయని మా పనిలో ఒకాయన చెప్పినాడు. పోయినాయి."

రెడ్డెప్ప బాక్సు సెట్టింగు తెరిచి నాకు చూపించాడు. బాక్సు సెకనుకు అరవై సార్లు బొమ్మ పంపుతోంది. దాన్ని రిఫ్రెష్ రేట్ అంటారు, అరవై హెర్ట్జ్. ఇరవై ఐదు ఫ్రేములను అరవైలో సమంగా సర్దలేం. అందుకని కొన్ని ఫ్రేములను రెండుసార్లు, కొన్నింటిని మూడుసార్లు చూపిస్తోంది. ఆ ఎగుడుదిగుడే మాకు గెంతుగా కనబడింది. కేబుల్ పెట్టె తన బొమ్మను యాభై లెక్కనే పంపుతుంది కాబట్టి సీరియల్ చక్కగా వచ్చింది. రెడ్డెప్ప బాక్సును యాభై హెర్ట్జ్‌కు మార్చాడు. ఇప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండేసి సార్లు. టీవీలో స్మూతింగ్ తీసేశాడు. అంతే. పది నిమిషాలు పట్టలేదు.

నేను బొమ్మ పడే చోట వెతికాను. అతను బొమ్మ పుట్టిన చోట అడిగాడు.

భువన వీడియో పెట్టాం. చెయ్యి సాఫీగా సాగింది. పాదం మృదంగం దెబ్బ మీద పడింది.

"గుణశేఖర్ అన్న కనిపెట్టినాడమ్మా ఇదంతా" అన్నాడు రెడ్డెప్ప. "నేను వట్టి తోడు వచ్చినా."

అప్పుడు ఇంక ఆగలేకపోయాను. "లేదమ్మా" అన్నాను. "ఆయన తిరుపతిలోనే ఉండాడు. చెన్నై అని చెప్పింది నేనే. ఈ తేడా ఉంటాదని ఆయన నాకు నెల ముందే చెప్పినాడు. ఆయన చెప్పినాడనే నేను రాలేదు."

టీచర్ అరవలేదు. "తెలీదు అనుంటే నీకేం పోయేదప్పా?" అన్నారు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

ఆవిడ అంతకుముందు వారాల వీడియోలు ఒక్కొక్కటిగా పెట్టించుకున్నారు. చెక్క మీద కర్రతో తాళం వేస్తూ చూశారు. ఒక్క చోటా పాదం తప్పలేదు. మూడో వీడియో నడుస్తుండగా కర్ర పక్కన పెట్టేశారు. కళ్లు తుడుచుకుని మళ్లీ భువనకు ఫోన్ కలిపారు.

"నీ కాలు సరిగ్గానే పడింది తల్లీ. తప్పు నాది" అన్నారు. టీవీ మీద తోయలేదు, నా మీదా తోయలేదు. వర్ణం సంగతి కూడా దాచకుండా చెప్పారు. అప్పటికే మూడు వారాలుగా ఇంకో అమ్మాయి సాధన చేస్తోంది. "నీకు జరిగిన అన్యాయం ఇంకొక పిల్లకి చెయ్యలేను. బృందంలో నిలబడతావా?"

నిలబడతానంది. నేను ఫోన్ అడిగి తీసుకున్నాను. జరిగింది చెప్పాను.

"నేను ఆ పొద్దు అడిగినప్పుడే మీకు తెలుసా అన్నా?" అంది భువన.

"తెలుసమ్మా."

ఫోన్ కట్టయింది.

సెప్టెంబరులో కాణిపాకం వెళ్లాను. రమ్మని ఎవరూ పిలవలేదు. రెడ్డెప్పను మాత్రం టీచర్ కబురు పెట్టి పిలిపించుకుని ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను వెనకాల బారికేడు పట్టుకుని నిలబడ్డాను. అయిదుగురు అమ్మాయిలు ఆడారు. నేను ఎడమ నుంచి రెండో అమ్మాయి పాదాలు తప్ప ఇంకేమీ చూడలేదు. తర్వాత వర్ణం వేరే అమ్మాయి చేసింది. బాగానే చేసింది. ఆ ముప్పావు గంటా భువన వేదిక పక్కన నిలబడి చేత్తో తాళం వేస్తూనే ఉంది.

అయిపోయాక నేనే వెళ్లి నా పేరు చెప్పాను. గజ్జెలు విప్పుకుంటోంది. తలెత్తి చూసింది. ఏదో అంటుందనుకున్నాను.

"వచ్చే ఏడు వర్ణం నాకే ఇస్తానన్నారు మేడం" అంది. తర్వాత నా భుజం మీదుగా జనంలోకి చూస్తూ, "రెడ్డెప్పన్న యాడుండారు? ఒకసారి మాట్లాడాల" అంది.

ముందు వరస వైపు చెయ్యి చూపించాను. గజ్జెలు చేత్తో పట్టుకుని అటు వెళ్లిపోయింది. ఆ చెయ్యి చూపించడం ఎంత కష్టమైందో చెబితే మీరు నమ్మరు.

ఈ కేసు తర్వాత నాలో కుళ్ళు పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. రెడ్డెప్ప వీడియో కొత్తది వస్తే ఇప్పటికీ తప్పు దొరుకుతుందేమోనని చివరిదాకా చూస్తాను. మారింది ఒక్కటే. కస్టమరు ఏదైనా అడిగినప్పుడు నా నోటిదాకా వచ్చిన జవాబు నా పరీక్షలోంచి వచ్చిందా, నా కడుపుమంటలోంచి వచ్చిందా అని ఒక్క క్షణం ఆగి చూసుకుంటాను. కొన్నిసార్లు అది కడుపుమంటే. అప్పుడు ఆ జవాబు మింగేసి, "నాకు తెలీదమ్మా, తెలిసినాయన్ని అడిగి చెబుతాను" అంటాను. అడుగుతాను కూడా.